మాల్వెర్న్ వెళ్ళొచ్చిన గురువారాలు

ఏప్రిల్ 7, సోమవారం

డాక్టరమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. రోజూ నాలుగు ముక్కలు రాస్తే చాలట. ఎవరికీ చూపించనక్కర్లేదు, తనక్కూడా. పొద్దున్నే లేచాను. దుప్పట్లు ఉతికాను. మా ఆయన కీత్ గోడౌన్‌కి డ్యూటీకి వెళ్ళాడు. నాకు డ్యూటీ లేదు.

ఇంతకంటే రాయడానికేం లేదు.

ఏప్రిల్ 8

డిపో నుంచి ఫోను. బస్సు నడపలేకపోతే ఆఫీసులో కూర్చునే పని ఏదో ఉందట. ఆలోచించి చెప్తానన్నాను. పోయినసారీ ఇదే మాట అన్నాను.

ఏప్రిల్ 10, గురువారం

ఉత్తరం వచ్చింది. నీలం సిరా, నిటారైన అక్షరాలు. గ్రేట్ మాల్వెర్న్ నుంచి. మిసెస్ విన్నీ టిల్లీ.

మిమ్మల్ని నిందించడానికి రాయడం లేదు, ఒకే ఒక్క సంగతి అడగాలి, అది ఉత్తరంలో అడిగేది కాదు అని రాసింది. గురువారాలు పదకొండు దాటాక ఇంట్లోనే ఉంటుందట. స్టేషన్ నుంచి దారంతా ఎక్కుడే, నింపాదిగా రమ్మంది.

ఉత్తరాన్ని టీ డబ్బా వెనక పెట్టాను. కీత్‌కి చెప్పలేదు. చెప్పాల్సినంతదేం కాదు.

ఏప్రిల్ 12

ఆ రోజు సంగతి రాస్తే గానీ గుండె బరువు తగ్గదంటుంది డాక్టరమ్మ. సరే, ఒక్కసారి రాస్తాను. మళ్ళీ రాయను.

కిందటేడాదికి ముందటేడు నవంబరు. బుధవారం మధ్యాహ్నం మూడు దాటింది. సన్నటి జల్లు. మా ఊరి హై స్ట్రీట్‌లో మాంసం కొట్టు దాటగానే ఉండే స్టాపులోకి బస్సు మళ్ళిస్తున్నాను. పదిహేను మైళ్ళ వేగం కూడా లేదు. ఆగి ఉన్న వ్యాను వెనక నుంచి ఒక పెద్దాయన రోడ్డు మీదికి వచ్చాడు. నా వైపు చూడలేదు. బ్రేకు తొక్కాను. కెమెరాలో కూడా ఉంది, తొక్కాను.

సిరిల్ టిల్లీ. డెబ్బై తొమ్మిదేళ్ళు. పేరూ వయసూ తర్వాత తెలిశాయి.

దిగి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. అంబులెన్సు రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అది వచ్చేసరికే పోయాడు.

విచారణలో నా తప్పేమీ లేదని తేల్చారు. ప్రమాదమన్నారు. ఆయన భార్య మిసెస్ టిల్లీ బూడిదరంగు టోపీ పెట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. ఆయన చివర్లో ఏమైనా అన్నాడా అని అధికారి నన్ను అడిగాడు. ఏమీ అనలేదని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు.

ఏప్రిల్ 15

ఆవిడ ఏం అడుగుతుందో తెలుసు. జవాబూ తెలుసు. ఏమీ అనలేదని ఒక కార్డు ముక్క రాసి పోస్టులో పడేస్తే సరిపోతుంది. దానికి అంతదూరం వెళ్ళడం దేనికి.

కార్డు కొన్నాను. రాయలేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

గోడలు చూస్తూ కూర్చోకు, ఎక్కడికైనా తిరిగి రా డెన్ అన్నాడు కీత్. నిజమే. మాల్వెర్న్ వెళ్దామనుకుంటున్నాను. రైలెక్కితే గంట. మా అమ్మ చిన్నప్పుడు సండే స్కూలు వాళ్ళతో వెళ్ళిందట, గాడిద మీద కొండెక్కిందట. అక్కడి ఊటనీళ్ళ కోసం ఒకప్పుడు ఎక్కడెక్కడి రోగులో వచ్చేవాళ్ళు, తడి దుప్పట్లలో చుట్టి పడుకోబెట్టేవాళ్ళు. చూడదగ్గ ఊరు. ఉత్తరానికీ దీనికీ సంబంధం లేదు.

గురువారం ఎందుకంటే ఆ రోజు వాన లేదన్నారు.

ఏప్రిల్ 24, గురువారం

వెళ్ళొచ్చాను.

వూస్టర్ దాటి నది మీదుగా వెళ్ళేదాకా నేలంతా చదును. ఆ తర్వాత ఉన్నట్టుండి కొండలు. స్టేషన్లో ఇనప స్తంభాల నెత్తిన ఇనప ఆకులూ పూలూ, వాటికి రంగులు. దిగినవాళ్ళం నలుగురం. ముగ్గురు చేతికర్రలవాళ్ళు. ఊళ్ళో ఎవరూ గట్టిగా మాట్లాడరు. పదకొండు గంటలకి కూడా అందరూ ఇప్పుడే నిద్ర లేచినట్టు నడుస్తారు.

నేను ఊట వైపే బయల్దేరాను. మిసెస్ టిల్లీ ఉండే వీధిలోకి ఎలా తిరిగానో తెలీదు. పేరు చూసే తిరిగాను. రాయకపోతే ఎలా, ఎవరూ చదవరు కదా.

ఆవిడ గేటు దగ్గరే ఉంది, గులాబీ కొమ్మలు కత్తిరిస్తూ. టోపీ లేదు. విచారణలో నేను యూనిఫాంలో ఉన్నాను, జుట్టు అప్పుడు పొడుగు. గుర్తుపట్టదనుకున్నాను.

"ఎవరికోసమమ్మా?" అంది.

"ఎవరికోసం కాదండి. ఊట దగ్గరికి ఎటు వెళ్ళాలా అని."

కత్తెర మూసింది. "ఇటు కాదు. చర్చి దాటి పైకెళ్ళండి. తొంభైతొమ్మిది మెట్లొస్తాయి. మెట్లయ్యాక అయిపోయిందనుకుంటారు. అవదు. అసలు ఎక్కుడు అక్కణ్ణించే."

థాంక్స్ చెప్పి వచ్చేశాను. మెట్లన్నీ ఎక్కాను, ఆ పైన మలుపులు తిరిగే బాటా ఎక్కాను. పైన చిన్న ఇల్లు, పాలరాతి తొట్టిలోకి సన్నగా నీళ్ళు. దోసిట పట్టి తాగాను. చల్లగా ఉన్నాయి, రుచేమీ లేదు. పక్కనే కాఫీ గదిలో కూర్చుని టీ తాగి కిందికి దిగాను. వేరే వీధిలోంచి.

ఎలా ఉందని కీత్ అడిగాడు. బావుందన్నాను.

ఏప్రిల్ 25

ఆయన ఏమీ అనలేదు.

మే 1, గురువారం

వాన పడుతుందన్నారని వెళ్ళలేదు. పడలేదు.

మే 6, మంగళవారం

అన్నాడు.

ఆయన తల కింద నా స్కార్ఫు మడిచి పెట్టాను. కళ్ళు తెరిచి నన్ను చూశాడు. నొప్పి ఉన్నట్టు లేదు, ఏదో పొరపాటు చేసి దొరికిపోయినవాడిలా చూశాడు. చాలా స్పష్టంగా అన్నాడు. "విన్నీకి చెప్పకండి."

చెప్పనన్నాను. చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.

ఏం చెప్పొద్దన్నాడు? మాల్వెర్న్‌లో ఇల్లున్న మనిషికి ఆ బుధవారం మా ఊళ్ళో ఏం పని? ఏడాదిన్నరగా ఎన్ని అనుకున్నానో. ఇంకో ఇల్లుందేమో. ఇంకో మనిషుందేమో. ఏ డాక్టరైనా ప్రాణం మీదికొచ్చే జబ్బని చెప్పాడేమో. లేదా కావాలనే అడుగేశాడేమో. ఇది మాత్రం పూర్తిగా అనుకోనివ్వను, మధ్యలో లేచి ఏదో పని పెట్టుకుంటాను.

విచారణలో ప్రమాణం చేసి అబద్ధం చెప్పాను. ఆ సమయంలో అది అబద్ధం అనిపించలేదు. పోయిన మనిషికిచ్చిన మాట అనిపించింది.

మే 8, గురువారం

ఇదంతా ఇప్పుడే రాసేయాలి. మాల్వెర్న్ నుంచి తిరిగొస్తూ ఇంకా రైల్లోనే ఉన్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి.

తలుపు తీసి మిసెస్ టిల్లీ మొదట అడిగిన మాట: "ఊట దొరికిందా?"

లోపలికి రమ్మంది. ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసిందట. "ముఖాలు మర్చిపోతాను. గొంతులు మర్చిపోను. గేటు దగ్గర మీరు నోరు విప్పగానే తెలిసింది. నిజంగా కొండెక్కుతారో లేదో చూద్దామని, మేడ మీద కిటికీలోంచి చూశాను. ఎక్కారు."

చిన్న గది, సర్దుగా ఉంది. కిటికీ పక్కన బల్ల మీద బొమ్మ రైలు స్టేషన్, సగమే రంగు వేసి ఉంది. హామ్, బ్రెడ్డు, ఊరగాయ ఉల్లిపాయలు, సోపు గింజల కేకు పెట్టింది. తినమంది. తిన్నాను. గులాబీల చీడ గురించీ, పక్కింటివాళ్ళ కుక్క గురించీ మాట్లాడింది. నేను కప్పు కింద పెట్టేదాకా ఆగింది.

"ఆయన ఏమైనా అన్నాడా? విచారణలో అడిగారు, మీరు లేదన్నారు. కానీ అనే ముందు కాస్త ఆగారు. నా పనంతా వినడమే కదా. ఆ ఆగింది నా చెవిలోంచి పోలేదు."

మాటిచ్చానన్నాను. ఎవరికని అడిగింది. ఆయనకే అన్నాను. ఏమని? ఇక చెప్పక తప్పలేదు.

"'విన్నీకి చెప్పకండి' అన్నారు."

ఆవిడ నన్ను చూసింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని లేవబోయాను. నవ్వుతోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగడం లేదు, కళ్ళెంట నీళ్ళు.

యాభై మూడేళ్ళ కాపురంలో ఆయన నోట ఎక్కువసార్లు వచ్చిన మాట అదేనట. సాసరు పగలగొట్టి పాలబ్బాయితో అనేవాడట. డాక్టరు వద్దన్న వెన్న రాసుకుని పక్కింటావిడతో అనేవాడు. బల్ల కింద హామ్ ముక్క పడేసి కుక్కతో అనేవాడు. పెళ్ళినాడు చర్చి గుమ్మంలో ఆవిడ గౌను అంచు తొక్కి చింపేసి పాదిరిగారితో అన్నాడట, అది ఆవిడ వెనక్కి తిరక్కుండానే విందట. "ఏదీ దాచలేడు పాపం. అందరికీ చెప్పి, నాకు చెప్పొద్దనేవాడు. సాయంత్రానికి ఎవరో ఒకరు నా చెవిన వేసేవాళ్ళు."

మరి ఆ బుధవారం మా ఊరికి ఎందుకొచ్చారని అడిగాను. కిటికీ పక్కనున్న బొమ్మ స్టేషన్ చూపించింది. "ఆయన దానికి వేస్తున్న పచ్చరంగు మీ ఊరి కొట్లోనే దొరుకుతుందట. మోకాళ్ళు బాలేదు, అంత దూరం వెళ్ళొద్దన్నాను. వూస్టర్ లైబ్రరీకి వెళ్తున్నానన్నాడు. లైబ్రరీకి వెళ్ళేవాడు బూట్లు పాలిష్ చేసుకోడు. అప్పుడే తెలిసింది నాకు."

అంతే. ఇన్నాళ్ళూ నేను మోసిన రహస్యం ఒక చిన్న రంగు డబ్బా.

ఎలా అన్నాడో అలాగే అనమంది. గట్టిగానా, మెల్లగానా? ముందు ఏ మాట, తర్వాత ఏ మాట? "చెప్పకండి"ని సాగదీశాడా? కళ్ళు మూసుకుని విన్నది, చెవికి పాత హెడ్‌ఫోను తగిలించుకున్నట్టు తల పక్కకి వంచి. మూడుసార్లు అనిపించుకుంది. మూడోసారికి ఆయనే అన్నట్టు అనిపించింది.

నా మనసు దూదిలా తేలిపోయింది. అయిపోయింది, ఇక క్షమించేస్తుంది అనుకున్నాను. ఇంత తేలిగ్గానా అని కూడా అనుకున్నాను.

"ఎన్ని నెలలైంది?" అంది కళ్ళు తెరవకుండానే.

"పద్దెనిమిది."

"ఆ ప్రశ్న అధికారిది కాదు, నాది. నేను అడగమంటేనే అడిగారు. మీరు నా ఎదురుగా నిలబడి లేదన్నారు." గొంతు పెంచలేదు. "అప్పట్నించీ నేనేమనుకుంటూ బతికానో తెలుసా? చుట్టూ తెలిసిన మనిషి లేక, ఒక్క మాటా నోట రాక, తన్నుకులాడి పోయాడనుకున్నాను. రోజూ అదే. పొద్దున్నే లేవగానే అదే. ఈ మాట ఒక్కటి ఉంటే, మా సిరిల్ సిరిల్‌గానే పోయాడని తెలిసేది."

మాటిచ్చానండి అన్నాను మళ్ళీ.

"పోయినాయనకి మాటిచ్చారు. బతికున్నదాన్ని, నేనడిగాను." లేచి ప్లేట్లు తీయడం మొదలుపెట్టింది. "బస్సు సంగతికి మీ మీద నాకు కోపం లేదు. ఎప్పుడూ లేదు. ఆయన రోడ్డు చూసి దాటే మనిషి కాదు. కానీ దీనికి ఉంది. ఏమీ అనలేదని రాసిన విచారణ కాగితం నా సొరుగులో ఉంది. ఇక వెళ్ళండి."

రైలుకి గంటన్నర టైముంది. స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాను. ఏ నేరానికి క్షమాపణ కోసం వెళ్ళానో అది అసలు నా నేరమే కాదట. నాది వేరే ఉందట. అది మంచితనమనుకుని దాచుకున్నాను.

మే 9

ఏమీ రాయాలని లేదు.

మే 10

ఈ రోజు కూడా.

మే 13, మంగళవారం

కీత్‌కి చెప్పాను. బంగాళదుంపల చెక్కు తీస్తున్నాడు. మొదటి నుంచీ చెప్పాను, ఆ మాటతో సహా. కత్తి కింద పెట్టాడు.

"నేనెవరికి చెప్తాననుకున్నావ్?"

"ఎవరికీ చెప్పవు."

"మరి?"

ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది, ఆ మాట నా ఒక్కదానికే తెలుసన్న సంగతి నాకు కొంచెం నచ్చింది. అందరూ నన్ను డ్రైవరుగా చూసిన రోజు, ఆ పెద్దాయన ఒక్కడే నమ్మి ఏదో అప్పజెప్పాడు. అది ఎవరికీ ఇవ్వాలనిపించలేదు. భార్యక్కూడా. ఇది డాక్టరమ్మకి చెప్పను.

కీత్ మళ్ళీ కత్తి తీసుకుని మిగతా దుంపలన్నీ చెక్కు తీశాడు. అన్నం దగ్గర కూర్చున్నాక అన్నాడు: "ఆ విచారణ ఆఫీసుకి ఉత్తరం రాయి డెన్. ఉన్నదున్నట్టు."

రాస్తే అబద్ధపు సాక్ష్యం కింద కేసవ్వచ్చన్నాను.

"అవనీ. నేనుంటాగా."

మే 16, శుక్రవారం

రాశాను. నాలుగుసార్లు చింపి, అయిదోది ఉంచాను. ఎందుకు చెప్పలేదో అందులో రాయలేదు, కారణాలు రాసిన కొద్దీ నన్ను నేను వెనకేసుకొచ్చినట్టు కనిపిస్తోంది. ఆయన ఏం అన్నాడో, నేను ఏం అబద్ధం చెప్పానో, అంతే. మిసెస్ టిల్లీకి ఒక నకలు పంపాను. దానితో చీటీ ఏమీ పెట్టలేదు.

మే 22, గురువారం

ఎక్కడికీ వెళ్ళలేదు. పదకొండింటికి గడియారం చూశాను.

మే 30

విచారణ ఆఫీసు నుంచి రెండు వాక్యాల జవాబు. ఉత్తరం అందింది, దస్త్రంలో చేర్చాం, తీర్పు మారదు. కేసు మాట లేదు. ఒక నకలు కుటుంబానికి కూడా పంపారట. కీత్ రెండుసార్లు చదివి ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాడు. నేను తీసి సొరుగులో పెట్టాను.

జూన్ 3, మంగళవారం

కార్డు. ఒక వైపు మాల్వెర్న్ కొండలు, రెండో వైపు నీలం సిరా: "గురువారం పదకొండు. పొడిగా ఉంటే ఊట దాకా వెళ్దాం. వి. టిల్లీ."

జూన్ 5, గురువారం

పొడిగా ఉంది.

ఆవిడ కర్ర పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది. పలకరింపు లేదు. ఆఫీసు కాగితం వచ్చిందని మాత్రం అంది, పాతదాని మీద పెట్టి పిన్ను కొట్టిందట. ఇద్దరం బయల్దేరాం.

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, మెట్లన్నీ ఎక్కింది. పదిహేను మెట్లకోసారి ఆగింది. ఆగినప్పుడల్లా ఒక ప్రశ్న. అంతకు మించి మాటల్లేవు. మొదటిసారి ఆగినప్పుడు, ఆ రోజు వాన ఎంత పడుతోందని అడిగింది. సన్నటి జల్లని చెప్పాను. రెండోసారి, ఆయనకి టోపీ ఉందా అని. ఉంది, పక్కన పడిపోతే తీసి ఆయన ఛాతీ మీద పెట్టాను. చుట్టూ జనం చేరారా? చేరారు. మాంసం కొట్టాయన వాళ్ళని వెనక్కి నెట్టాడు, తన తెల్ల ఏప్రన్ విప్పి గొడుగులా పట్టుకున్నాడు. అది విని తలూపింది. ఆయన పేరు తెలుసుకుని చెప్పమంది, ఉత్తరం రాయాలట.

మెట్లయ్యాక బెంచీ ఉంది. కూర్చుంది. నన్నూ కూర్చోమంది.

"చలేసిందా ఆయనకి?"

"మొదట వణికారు. నా యూనిఫాం కోటు కప్పాను. తర్వాత వణకలేదు."

"ఏ చెయ్యి పట్టుకున్నావ్?"

నువ్వు అంది. అప్పుడు గమనించలేదు, ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

"ఎడమ."

"ఆ చేతి వేళ్ళు సరిగ్గా ముడిచేవాడు కాదు. కీళ్ళవాతం. గట్టిగా పట్టుకుంటే నొప్పి."

భయమేసింది. గట్టిగానే పట్టుకున్నానని చెప్పాను. ఆవిడ కొండ కిందికి చూస్తూ కూర్చుంది. చదును నేల మీద మబ్బుల నీడలు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. కాసేపటికి, మంచి పని చేశావంది. మెల్లగా పట్టుకుంటే ఆయనకి అసలు తెలిసేది కాదట.

కోపం పోయిందా అని అడగాలనిపించింది. అడగలేదు. పోలేదు, మొహంలో తెలుస్తూనే ఉంది. పోకుండానే నాతో కొండెక్కుతోంది. పూర్తిగా పోయాకే మనిషిని దగ్గరికి రానివ్వాలని లేదేమో. నాకూ ఆ కోపం పోవాలని అంత తొందర లేదు ఇప్పుడు. ఆ కోపం ఆవిడ హక్కు.

మలుపుల బాటలో కర్ర ఒక చేత్తో, నా మోచెయ్యి ఇంకో చేత్తో పట్టుకుంది. బరువు వేసింది, మొహమాటం లేకుండా. ఊట దగ్గర ఆగి నీళ్ళ కింద వేళ్ళు పెట్టి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత కాఫీ గదిలోకి వెళ్ళాం.

పామ్ అనే ఆవిడ కౌంటర్లో ఉంది. ఎన్నేళ్ళనుంచో ఒకరికొకరు తెలుసని మాట తీరులోనే తెలుస్తోంది. ఇన్నాళ్ళకి కొండెక్కావా, మోకాళ్ళు అరువు తెచ్చుకున్నావా అని పామ్ ఆటపట్టించింది. తర్వాత నా వైపు చూసింది.

"ఈవిడెవరు విన్నీ, మేనకోడలా?"

నేను నేల చూపులు చూశాను. ఆ ఊళ్ళో అందరికీ తెలుసు సిరిల్ ఎలా పోయాడో. బస్సు డ్రైవరని చెప్తే చెప్పనీ అనుకున్నాను, నిజమే కదా. ఫ్రెండ్ అంటుందేమో అనుకున్నాను, అది నిజం కాదు. ఆవిడ, ఎక్స్‌ఛేంజిలో సరైన ప్లగ్గు సరైన రంధ్రంలో పెట్టేదాకా ఆగినట్టు ఆగింది.

"మేనకోడలు కాదు. డెనీస్. మా సిరిల్ పోయేటప్పుడు పక్కనున్నది ఈ అమ్మాయే."

పామ్ చేతిలోని గుడ్డ కింద పెట్టింది. కౌంటర్ చుట్టూ తిరిగి బయటికొచ్చి, కిటికీ దగ్గర నాకు కుర్చీ లాగింది.